కిటికీ వైపు గుంట

పరుపు విషయంలో నా కూతురికి మూడు ఆలోచనలు ఉన్నాయి. పాతది పారేసి రబ్బరు పరుపు కొనడం. లేదా దూది ఏకించి మళ్ళీ కుట్టించడం. అదీ కాకపోతే కోసి దిండ్లు చేయించడం. నాకు ఒకటే ఆలోచన. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

"నీ నడుం చూసుకో నాన్నా. పొద్దున లేస్తే గోడ పట్టుకుని నడుస్తున్నావు."

"గోడ నాదే."

"పరుపంతా గుంటలు."

"పడుకునేది నేను. నువ్వు కాదు."

గుంటలన్న మాట నిజమే. దూది పరుపు మీద ఏళ్ళ తరబడి ఒకే చోట పడుకుంటే అక్కడ దూది అణిగిపోతుంది. నాది తలుపు వైపు, నా భార్యది కిటికీ వైపు. మధ్యలో పొలం గట్టులాగా ఎత్తు. నేను బరువైన మనిషిని. ఇటు తిరిగానంటే ఆమె గట్టు దాటి నా మీదికి దొర్లేది.

"మీ పక్కన పడుకోవడం కన్నా నూతి అంచున పడుకోవడం నయం. ఎప్పుడు జారతానో తెలియదు" అనేది.

జారాక మళ్ళీ పైకి ఎక్కేది కాదు.

ఆమె పోయి ఏడాది దాటింది. నేను తలుపు వైపే పడుకుంటాను. కిటికీ వైపు ఎవరినీ కూర్చోనివ్వను. మనవరాలు ఒకసారి ఎక్కి గెంతబోతే అరిచాను. అది మళ్ళీ మా ఇంటికి రాలేదు. రాకపోతే పోయింది.

భోజనం అయ్యాక నడుం వాల్చి, ఆ గుంటలో చెయ్యి పెడతాను. చెయ్యి లోతుగా దిగుతుంది. అంత సన్నటి మనిషికి ఇంత గుంటా అని మొదట్లో అనిపించింది. చివరి నెలల్లో లేవకుండా పడుకునే ఉంది కదా, అందుకే అనుకున్నాను. సంతోషించాను కూడా. లోతైనది తొందరగా పూడదు. నా వైపు మాత్రం లోతు తగ్గింది. తిండి తగ్గి నేనే తేలికయ్యాననుకున్నాను. ఆమె బట్టలు కూతురు పట్టుకెళ్ళింది, గిన్నెలు మరదలు పట్టుకెళ్ళింది. నాకు మిగిలింది ఆ గుంట ఒక్కటే.

ఆదివారం పొద్దున కూతురు పరుపులు కుట్టేవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. నన్ను అడగలేదు. అల్లుడు కూడా వచ్చాడు, మోయడానికి. అతను మోయడానికి పనికొస్తాడు. నేను స్నానం చేసి వచ్చేసరికి పరుపు వరండాలో ఉంది. పరుపులవాడు ముక్కుకి గుడ్డ కట్టుకుని దాని పక్కన కూర్చున్నాడు.

"ఆపు."

"ఆపడానికి ఇంకా మొదలుపెట్టలేదు పెద్దాయనా. గలీబు తీశానంతే."

"లోపలికి తీసుకుపోండి" అని అల్లుడితో అన్నాను. అతను పెళ్ళాం వంక చూశాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అతను చూసేది అటే.

అప్పుడు చూశాను. గలీబు లేని పరుపును నేను ఎన్నడూ చూడలేదు. గలీబు మార్చే పని ఆమెది, ఆ తర్వాత కూతురిది. పరుపు గుడ్డ మీద ఒక మూల నూనె మరక ఉంది, పళ్ళెమంత. ఆమె తలకి నూనె దట్టంగా పట్టించేది. దిండు దాటి, గలీబు దాటి, గుడ్డలోకి ఇంకింది. అది ఆమె తల పెట్టుకున్న చోటు.

ఆ మరక ఉన్నది లోతు గుంట వైపు కాదు. రెండోదాని వైపు.

"మంచం మీద కాళ్ళ వైపు ఏది?" అని అడిగాను.

"ఇటు మామయ్యా. ఆ కొస నేనే పట్టుకున్నాను" అని అల్లుడు మరక ఉన్న కొస చూపించాడు.

"ఈ పరుపు ఎవరు తిప్పారు?"

కూతురు విసుక్కుంది. "అమ్మ పోయాక ఎండలో వేశాం కదా నాన్నా. మళ్ళీ వేసేటప్పుడు తల వైపు కాళ్ళ వైపుకి వచ్చుంటుంది. అయితే ఏమైంది ఇప్పుడు?"

"ఏం కాలేదు."

తల కాళ్ళ వైపుకి వస్తే, కిటికీ వైపుది తలుపు వైపుకి వస్తుంది. ఏడాదిగా నేను చెయ్యి పెట్టింది నా గుంటలోనే. పడుకుంది ఆమె గుంటలో. ఆమె తల పెట్టుకున్న చోట నా కాళ్ళు పెట్టాను. మనవరాల్ని కూడా దగ్గరికి రానివ్వకుండా కాపాడాననుకున్నదాన్ని నా బరువుతో నేనే అణగదొక్కాను.

కూతురికి చెప్పలేదు. చెబితే ఏడుస్తుంది. ఏడిస్తే నేను ఓదార్చాలి. ఓదార్చే ఉద్దేశం నాకు లేదు.

నేల మీద కూర్చుని ఆ రెండో గుంటని అరచేత్తో తడిమాను. భుజం ఆనిన చోటు ఎక్కడో, నడుం ఆనిన చోటు ఎక్కడో వెతికాను. ఎక్కడ ఆమె అయిపోయి నేను మొదలయ్యానో తెలియలేదు.

"ఎండ ఎక్కుతోంది పెద్దాయనా. ఏకమంటారా, పొమ్మంటారా?"

"ఏకు."

కూతురు నోరు తెరిచింది. "నిజంగానా నాన్నా?"

"నా గుంట నాకెందుకు?"

కూతురికి అర్థం కాలేదు. మనసు మార్చుకున్నానని మాత్రం సంబరపడింది.

పరుపులవాడు కుట్లు విప్పుతూ, "పైగుడ్డ కొత్తది వేస్తాను. ఇది నూనె కంపు" అన్నాడు.

"ఇదే వెయ్యి."

"చిరుగులున్నాయి."

"కుట్టు."

"నూనెకి చీమలు పడతాయి."

"కుడితే నన్ను కుడతాయి."

"ఈ నోరుండగా దబ్బనం మోసుకొచ్చాను చూడు" అని వాడు అల్లుడి వైపు కన్ను కొట్టాడు. అల్లుడు నవ్వబోయి నన్ను చూసి ఆగాడు.

దూది రాళ్ళలాగా ఉండలుగా బయటికి వచ్చింది. మరక కిందిది పసుపుపచ్చగా ఉంది. వాసన చూశాను. దుమ్ము వాసన తప్ప ఏమీ లేదు. వాడు తెచ్చిన దూది ఏకే యంత్రం తిరగడం మొదలయ్యాక కిటికీ వైపుది, తలుపు వైపుది ఒకే కుప్పలో పడ్డాయి. పసుపుది తెల్లదానిలో కలిసిపోయింది. కూతురు లోపలికి రమ్మని పిలిచింది. వెళ్ళలేదు. కనురెప్పల మీదా మీసాల మీదా దూది పడుతుంటే అక్కడే నిలబడ్డాను.

మధ్యాహ్నానికి కుట్టడం అయింది. మరక కిటికీ వైపు, తల పెట్టుకునే కొసకి వచ్చేదాకా అల్లుడి చేత పరుపు తిప్పించాను. తలుపు వైపు నేను పడుకున్నాను. పక్కకి చెయ్యి చాచాను. ఎంత దూరం జరిపినా ఒకటే ఎత్తు.

కూతురు గుమ్మంలోకి వచ్చింది. "ఎలా ఉంది నాన్నా?"

"సమంగా ఉంది."

"చూశావా, నేను ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నాను" అని మురిసిపోయి, మొగుడికి అన్నం పెట్టడానికి వెళ్ళింది.