ఆకాశం కుళాయి కట్టే పక్షులు

మా ఆయన కతరీనో జూన్ నెలలో పోయాడు. వానలు అప్పుడే ఊపందుకుంటున్నాయి, మా సందు మొత్తం బురద. పెట్టె మోసిన వాళ్ల బూట్లు చూసి, అంత ఏడుపులోనూ నాకు ఒళ్లు మండింది. పోయేవాడు నాలుగు ఎండలు కాశాక పోకూడదా? ఎప్పుడూ అంతే ఆయన, ఎదుటివాళ్ల తిప్పలు పట్టవు.

అప్పటినుంచి ఇంట్లో నేనూ, పెనమూ. మూడు పూటలా మొక్కజొన్న పిండి తట్టి రొట్టెలు కాల్చి అమ్ముతాను. "ఎలా ఉన్నారు దోన్యా ఒతీలియా?" అని మర్యాదగా పలకరిస్తారు, నేను నోరు తెరిచేలోపే మలుపు తిరిగిపోతారు. ఈ గ్వాటెమాలా నగరంలో అందరికీ తొందరే.

వెనక గోడ దాటితే లోయ. ఇదివరకు ఊరి చెత్తంతా అందులోకే దొర్లించేవాళ్లు. ఇప్పుడు దాన్ని పార్కు చేసి, కిందికి మెట్లు కట్టి, అంచున కూర్చోవడానికి ఒక అరుగు వేశారు. వానాకాలమంతా పొద్దున్నే లోయ పొగమంచుతో నిండి ఉంటుంది. ఆ మంచులోంచి ఒక పిట్ట కూసేది. లోయకాపరి అంటాం దాన్ని. కంటికి కనపడదు, తుప్పు పట్టిన గేటు తెరిచినట్టు మొదలుపెట్టి గాజు గ్లాసులు గలగలలాడినట్టు ముగిస్తుంది. ఆయన పోయిన కొత్తలో దాని కూతకే నిద్ర లేచేదాన్ని. ఆగస్టు దాటాక అదీ మానేసింది. ఇక పొద్దున్నే నన్ను లేపేవాళ్లు ఎవరూ లేరు.

అక్టోబరు వస్తే అసాక్వాన్లు వస్తాయి. ఉత్తరాన చలికి తాళలేక దక్షిణానికి పోయే డేగల గుంపులు. అవి పోతూ పోతూ ఆకాశం కుళాయి కట్టేసి పోతాయి, మళ్లీ మే నెలలో తిరిగొస్తూ విప్పుతాయి. మా సందులో ఎవరు ఏం చెప్పినా నమ్మరుగానీ, అసాక్వాన్లు వెళ్లాయంటే మాత్రం కప్పుల మీది ప్లాస్టిక్ పట్టాలు తీసేస్తారు, దుప్పట్లు ఉతుకుతారు, సమాధులకు సున్నం వెయ్యడానికి బయల్దేరతారు. ఆ కబురు చెప్పే పని కతరీనోది. ఎవరూ అప్పజెప్పలేదు, తనే నెత్తిన వేసుకున్నాడు. అరుగెక్కి "వెళ్తున్నాయర్రోయ్!" అని కేక పెడితే సందు చివర కూడా వినిపించేది. నేను మాత్రం ఒక్క ఏడూ చూడలేదు. పెనం మీద రొట్టె ఉన్నప్పుడే తగలడతాయి ఆ పాడు పక్షులు.

నవంబరు మొదటి రోజున అందరం మా మా పోయినవాళ్ల సమాధుల దగ్గరికి వెళతాం. ఆయనకు ఇది మొదటి ఏడు. పూలు ఎవరైనా తీసుకెళతారు. నేను ఏం కబురు తీసుకెళ్లాలి? పిండి మర చెడిపోయిందనా, కప్పు కారుతోందనా? ఆయన చెవికోసుకునేది ఒక్క కబురుకే. ఈసారి అసాక్వాన్లను నా కళ్లతో నేనే చూసి, వెళ్లి చెప్పాలని పట్టుబట్టాను. అది కూడా చేతకాకపోతే ఆయన సమాధి గోడ ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను?

అలా అక్టోబరు పుట్టినప్పటినుంచి రోజూ పొద్దున్న రొట్టెల బేరం కాగానే అరుగు మీదికి చేరేదాన్ని. లోయ అవతలి గట్టున పసుప్పచ్చ అడవిపూలు విచ్చుకుంటున్నాయి. సింధూర చెట్ల కింద ఉడతలు కాయల కోసం కొట్టుకుంటున్నాయి. మధ్యాహ్నం అయ్యేసరికి మాత్రం మబ్బు కమ్మి, వాన దంచేది.

పక్కింటి దోన్ మక్లోవియో నవంబరు మొదటి రోజున ఎగరేసే గాలిపటాలు చేస్తాడు. నా కూతురికి జ్ఞానస్నానం చేయించినప్పుడు ఎత్తుకున్నది ఆయనే, అందుకే నన్ను కొమాద్రే అంటాడు, నేను కొంపాద్రే అంటాను. పిల్ల ఏడాది నిండకుండానే పోయింది, పిలుపు మిగిలింది.

"ఏం కొమాద్రే, ఆకాశానికి కాపలా కాస్తున్నారా?" అన్నాడు ఒకరోజు, గోడ మీంచి తల పెట్టి.

"మీకేం పోయింది? మెడ నొప్పి నాది."

"త్వరగా చూసిపెట్టండి మరి. నా పటాలు ఇంట్లో ఆరక చస్తున్నాయి. జిగురంతా బూజు పడుతోంది."

"వాటికి కబురు పంపించాను, వస్తున్నాయిట!"

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. జూన్ తర్వాత అదే మొదటిసారి అనుకుంటాను.

మర్నాడు పొద్దున ఆకాశం తేటగా ఉంది. లోయ మీద పెద్ద రెక్కల పక్షులు గుండ్రంగా తిరుగుతూ కనిపించాయి. పది, ఇరవై, ఇంకా వస్తున్నాయి. అరుగు మీద లేచి నిలబడి, కతరీనో లాగే నోటికి చేతులు అడ్డం పెట్టి కేక పెట్టాను: "వెళ్తున్నాయర్రోయ్! అసాక్వాన్లు వెళ్తున్నాయి!"

తలుపులు తెరుచుకున్నాయి. జనం కళ్లకు చేతులడ్డం పెట్టుకుని చూశారు. "కతరీనో భార్య చెప్పింది" అన్నారు. పట్టాలు దిగాయి, దుప్పట్లు తీగలెక్కాయి. దోన్ మక్లోవియో తన పటాలన్నీ మేడ మీద పరిచాడు. ఆ పూట నేను ఎంత గర్వంగా తిరిగానో చెప్పలేను.

మధ్యాహ్నం కుండపోత. ఇళ్లలోకి నీళ్లు, తీగల మీద దుప్పట్లు, తిట్లు. దోన్ మక్లోవియో మేడ మీంచి గొట్టం వెంబడి ఎర్రనీళ్లు, ఊదానీళ్లు సందులోకి కారాయి. ఆయన నెలల పని అది. పార్కు ఊడ్చేవాడు సాయంత్రం వచ్చి చెప్పాడు, కింద వాగు పక్కన కుక్క చచ్చి పడి ఉందట. నేను చూసినవి రాబందులు. ఏడాది పొడుగునా మా నెత్తిన తిరిగే రాబందులు! తిరిగి తిరిగి అక్కడే ఉండేవి రాబందులు, పైకి లేచి జారిపోయేవి అసాక్వాన్లు అని కతరీనో ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో. ఆయన మాట నేను సగం చెవితో వినేదాన్ని.

దోన్ మక్లోవియో తిట్టలేదు. గోడ మీంచి తల పెట్టడం మానేశాడు. తిడితే బాగుండేది.

అయినా అరుగు వదల్లేదు నేను. సిగ్గు ఒక పక్క, పట్టుదల ఒక పక్క. జనం నన్ను చూసి "ఇవాళ ఏం చచ్చింది దోన్యా?" అని పోతుంటే పళ్లు కొరుక్కుని కూర్చున్నాను.

అక్టోబరు చివరి వారంలో, రాత్రంతా వాన కురిసి వెలిసిన పొద్దున, అవతలి గట్టు వెనకనుంచి ఒక సుడి లేచింది. చిన్న చిన్న చుక్కలు ఒకదాని మీద ఒకటి తిరుగుతూ పైకి, ఇంకా పైకి. అంత ఎత్తున సుడి విప్పుకుని దక్షిణం వైపు జారాయి. ఒక్కటీ రెక్క ఆడించలేదు. వందలు, వేలు. వెనక ఇంకో సుడి, దాని వెనక ఇంకోటి. చప్పుడు లేదు! ఇన్నేళ్లూ అవి అరుచుకుంటూ పోతాయని అనుకున్నాను. అరిచింది కతరీనోనే అన్నమాట.

ఒక్కదాన్నే చూస్తుంటే చూస్తున్నట్టే లేదు. పక్కన ఎవరో ఒకరు ఉండాలి, "అబ్బా" అనాలి. అరుగు దిగి పరుగెత్తి దోన్ మక్లోవియో తలుపు బాదాను.

"కొంపాద్రే! రండి బయటికి! ఈసారి నిజం!"

"మళ్లీ కుక్క చచ్చిందా కొమాద్రే?" అంది లోపలి గొంతు.

"ఒట్టు! పిల్ల మీద ఒట్టు! ఒక్క నిమిషం వచ్చి చూడండి."

"నా దగ్గర తడపడానికి ఇక కాగితం లేదు. ఇంటికెళ్లి పడుకోండి."

బాదాను. బతిమాలాను. గడియ కదలలేదు. కిటికీల్లోంచి చూసినవాళ్లు కూడా నన్నే చూశారు గానీ పైకి చూడలేదు. తిరిగి అరుగెక్కేసరికి ఆకాశంలో తోకభాగం మిగిలింది. కొన్ని పదులు, తర్వాత నాలుగైదు, తర్వాత వెనకబడ్డ ఒక్కటి. అది లోయ దాటేదాకా చూశాను. వేలల్లో పోతుంటే తలుపులు బాదుకుంటూ తిరిగాను, పిచ్చిదాన్ని. ఎవరు చూసినా సరే అని అక్కడే కూర్చుని బోరుమని ఏడ్చాను.

ఆ మధ్యాహ్నం వాన రాలేదు. మర్నాడు ఉత్తరపు గాలి తిరిగింది, ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. నన్నెవరూ అడక్కుండానే పట్టాలన్నీ దిగాయి. దోన్ మక్లోవియో రొట్టెల కోసం వచ్చి, గుడ్డ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"నిన్న... నిజంగానే వెళ్లాయా కొమాద్రే?"

"ఏమో. నేను రాబందుల్ని చూశాను" అన్నాను. ఆ కబురు ఆయనకు ఎందుకివ్వాలి? అది కతరీనోది. రొట్టెలు చుట్టి చేతిలో పెట్టాను. ఆయన డబ్బులు పెట్టి వెళ్లిపోయాడు.

మొదటి తారీఖున శ్మశానం తిరునాళ్లలా ఉంది. మా బోటివాళ్లకు నేలలో చోటు దొరకదు, గోడలో గూళ్లే సమాధులు. కతరీనోది పై వరుస. నిచ్చెన పెట్టే ముసలాయన్ని పిలిచి, బంతిపూల కట్ట చంకన పెట్టుకుని ఎక్కాను. సిమెంటు పలక మీద ఆయన పేరు అప్పుడే పెచ్చులూడుతోంది. పూలు గుచ్చి, పలకకు నోరు దగ్గరగా పెట్టాను.

"కతరీనో, వెళ్లాయి. నేనే చూశాను, నా కళ్లతో."

అంతే. చెప్పడం అయిపోయింది. నెలంతా కాపు కాసి తెచ్చిన కబురు ఒక్క ముక్కలో అయిపోయింది.

ఆయనైతే ఊరుకునేవాడా? ఏ వైపునుంచి లేచాయి అనేవాడు. ఎంత ఎత్తున, ఎన్ని సుళ్లు అనేవాడు. నువ్వు చూసింది గాలిపటాలేమో అని ఏడిపించేవాడు. నేను తిట్టేదాన్ని. అన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకుని వచ్చాను. వెనకబడ్డ ఆ ఒక్కదాని సంగతి అన్నిటికంటే చివర చెబుదామని దాచుకున్నాను.

"అయిందా అమ్మా?" అన్నాడు కిందినుంచి నిచ్చెన ముసలాయన.

"ఉండవయ్యా. ఆయన ఇంకా ఏమీ అడగలేదు."

ముసలాయన నిచ్చెనను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. కింద పూలు పట్టుకుని ఇంకో కుటుంబం నిచ్చెన కోసం నిలబడి ఉంది. మరి కాసేపు చూసి, దిగాను.