పాకం ఎవరిది

బెల్లం పాకం ఎప్పుడు దించాలో పరదేశికి వాసనతోనే తెలిసిపోతుంది. తండ్రి పొయ్యి దగ్గర అబ్బిన విద్య అది. చోడవరంలో ప్యాకెట్ బెల్లం కంపెనీ పెట్టినవాళ్లు దానికోసమే అతన్ని పిలిచి పనిలో పెట్టుకున్నారు. తమ మనుషులకు పని వచ్చేదాకా ఉంచుకుని, రేపట్నుంచి రావద్దన్నారు. పోతే పోయింది, సొంత చెరకుంది, మన పొయ్యి మనం వెలిగించుకుందాం అనుకున్నాడు పరదేశి. అంతలో కంపెనీ నుంచి నోటీసు ఊడిపడింది.

చేరేటప్పుడు అతను సంతకం పెట్టిన కాగితాన్ని లాయరు అశ్విని చదివి చెప్పింది.

"రహస్య సమాచారం అంటే ఏటో ఇందులో రాసేరు. బెల్లం వండే పద్ధతంతా రహస్యమే. రాసిందీ, నోటితో చెప్పిందీ, చేసి చూపిందీ. పని మానేసినా మూడేళ్లు మీరు వాడకూడదు, ఎవరికీ చెప్పకూడదు."

"అది మా అయ్య నేర్పిందమ్మా! ఆళ్లకి సెప్పింది నేనే కదా?"

"మీకు ముందే తెలిసిందైతే రహస్యం కిందకి రాదు. అదీ రాసేరు. కానీ ఇది చూడండి."

ఆమె ఫోన్లో వీడియో పెట్టింది. కంపెనీ వార్షికోత్సవం. మెడలో దండతో పరదేశి చేతులు జోడించి, "నాదేటుంది బాబూ, అంతా ఓనరుగారే నేర్పేరు" అంటున్నాడు. పెద్దమనిషి పక్కన నిలబెట్టి మైకిస్తే ఈ ప్రాంతంలో ఎవరైనా అలాగే అంటారు. పాడు మర్యాద, కొంప ముంచింది.

"మర్యాదకన్నానమ్మా."

"నాకు తెలుసు. కోర్టుకెలా తెలుస్తాది? కేసు తేలేసరికి ఏళ్లు పడతాయి. ఈలోగా వండినా, నేర్పినా మీ పొలం మీదకొస్తారు."

కోతకొచ్చిన చెరకు ఏళ్ల తరబడి ఆగుతుందా? వేరే వంటవాడు దొరకలేదు. "నేను సంతకం పెట్టనేదు గదా, నేనొండుతాను" అంది భార్య చిన్నతల్లి. ఇన్నాళ్లూ ఆమె మంట ఎగదోసిందే తప్ప గరిటె పట్టింది లేదు.

పొయ్యి వెలిగింది. కంచె అవతల కంపెనీ మనిషి ఒకడు ఫోన్ ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు.

పాకం చిక్కబడింది. "ఏటయ్యా, దించీమంటావా?" అంది చిన్నతల్లి.

పరదేశి ముక్కుకు ఆ వాసన తగిలింది. సరిగ్గా ఇదే అదను. నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు.

"సెప్పవేటి?"

కళ్లలో ఎక్కడ కనిపెట్టేస్తుందోనని అటు తిరిగిపోయాడు. కాసేపటికి మాడు వాసన గుప్పుమంది. మాడిన బెల్లం ఎవరి రహస్యమూ కాదు.

"ఇంక దించీయే" అన్నాడు.