బొడ్డు పాతిన చోటు

ప్రేమమణి కాప్రా చెరువు కట్ట దిగి వచ్చేసరికి ఏడో గుడిసె కూలుతోంది.

అప్పటికే కూలిన ఆరు గుడిసెల సామానూ ఒకే కుప్పలో పడి ఉంది. సత్తు గిన్నెలు, తడి బట్టలు, పిండి డబ్బా, పసిపిల్లకు ఉయ్యాల కట్టిన చీర. ఆ చీర కోసం ఒక తల్లి కుప్పలో వెతుకుతుంటే కానిస్టేబులు లాఠీ అడ్డం పెట్టి వెనక్కి నెడుతున్నాడు. రెవెన్యూ గుమాస్తా గొడుగు నీడలో నిలబడి సిగరెట్టు కాలుస్తున్నాడు. పేరు ప్రభుత్వానిది, గడ్డపార కాంట్రాక్టరుది. అక్కడ నిలబడి పని చేయిస్తున్నవాడు జోగారావు కాంట్రాక్టరు దగ్గరి సూపర్‌వైజరు.

అక్కడ ఉండేవి రాళ్ళు కొట్టుకుని బతికే అరవై కుటుంబాలు. వీళ్ళు చెక్కిన రాళ్ళతో కంటోన్మెంటులో బంగళాలు లేచాయి, రైలు పట్టాల పక్కన గోడలు లేచాయి. వీళ్ళ నెత్తి మీద మాత్రం ఇప్పటికీ రెల్లుగడ్డే. ఆ బండల నేలను ప్లాట్లు చేసి అమ్ముకోవాలని జోగారావు ఏడాదిగా కాచుకుని ఉన్నాడు.

"మేం ఈడ పుట్టినోళ్ళం! మా అయ్యలు సుత ఈడ పుట్టినోళ్ళే!" బాలనర్సమ్మ గొంతు చించుకుంటోంది. డెబ్బై దగ్గరపడ్డ మనిషి. ఆ వాడలో కాన్పులన్నీ ఆమె చేతి మీదే.

"ఏందే ముసల్దానా నీ లొల్లి? మీది పాలమూరు దిక్కని మీరే చెప్పిండ్రు. ఇంక ఈ జాగల మీకేం హక్కు? ఇగో, ఇంటింటికి రాసుంది చూడు!" సూపర్‌వైజరు ఒక కాగితాల కట్ట ఆడించాడు.

ప్రేమమణి ఆ కాగితాలు చూసింది. మగవాళ్ళకు త్రికోణాలు, ఆడవాళ్ళకు సున్నాలు, పెళ్ళికి రెండు గీతలు, పిల్లలకు కింద గీతలు. మానవశాస్త్రం చదివేవాళ్ళు గీసే వంశవృక్షాలు. ప్రతిదాని మూలనా 'స్వస్థలం' అని ఉంది. ఆ గుండ్రని అక్షరాలు ఎవరివో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. అవి ఆమెవే.

బాలనర్సమ్మ ఆమె వైపు తిరిగింది. "నువ్వే గద బిడ్డా, రాసుకపోయినవ్?"

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఎనిమిది నెలలు ఆ ముసలమ్మ జొన్నరొట్టె తిని, ఆమె మంచం మీద కూర్చుని రాసుకున్న రాత అది.

తప్పు ఎక్కడ జరిగిందో ప్రేమమణికి అక్కడ నిలబడ్డ చోటే అర్థమైంది. వీళ్ళను మీది ఏ ఊరంటే తాము పుట్టిన చోటు చెప్పరు. కులదేవత ఉన్న ఊరు చెబుతారు. ఎక్కడ పిల్లలకు పుట్టెంట్రుకలు తీస్తారో, ఎక్కడికి ఏడాదికోసారి మేకను తీసుకెళ్తారో ఆ ఊరు. తాత ముత్తాతల నాడే వదిలి వచ్చినా అదే చెబుతారు. చెప్పకపోతే అమ్మవారికి కోపం. ఈ సంగతి ఆమెకు తెలియక కాదు, నోటుబుక్కులో వేరే పేజీలో రాసుకుంది కూడా. కానీ పటంలో ఆమె పరిశోధన చేసే సెంటరువాళ్ళు ఇచ్చిన గడి ఒక్కటే ఉంది. దాన్ని చక్కగా నింపింది. చదువుకున్నవాళ్ళకు గడి కనబడితే చాలు, నింపేదాకా నిద్రపట్టదు.

మధ్యాహ్నానికి వాడ తరఫు వకీలు కోర్టు నుంచి స్టే కాగితం తెచ్చాడు. అప్పటికి పన్నెండు గుడిసెలు పోయాయి. మిగతా నలభై ఎనిమిదింటికి సోమవారం దాకా గడువు.

*

పద్మారావు నగర్‌లో ఒక పాత బంగళాలో ఉంది వాళ్ళ మానవశాస్త్ర పరిశోధన కేంద్రం. పదకొండు మంది స్కాలర్లు. వాళ్ళ ఫీల్డు ఖర్చులు భరించేది జోగారావు తన తండ్రి పేరు మీద పెట్టిన ట్రస్టు. ఏటా ఒకరికి బంగారు పతకం, దాంతోపాటు మూడేళ్ళ ఫెలోషిప్పు. షరతు ఒక్కటే: నోటుబుక్కులన్నీ కేంద్రం బీరువాలో పెట్టాలి. కాంట్రాక్టరుకు చదువు మీద అంత ప్రేమ ఎందుకని పదకొండు మందిలో ఒక్కరూ అడగలేదు. అడగకుండా ఉండడానికే డబ్బు ఇస్తారని అప్పటికి వాళ్ళకు తెలియదు.

డైరెక్టరు జ్ఞానశేఖర్ ఆమెను నవ్వుతూ కూర్చోమన్నాడు.

"కంగ్రాచ్యులేషన్స్ ప్రేమమణీ. ఈసారి పతకం నీకే. శనివారం ఫంక్షను."

"సార్, నా పటాలు కాంట్రాక్టరు చేతికి ఎలా వెళ్ళాయి?"

"స్పాన్సరు అడిగితే ఇవ్వమా? డేటా కేంద్రానిది. నువ్వు సేకరించావంతే." ఆయన ఒక కాగితం ముందుకు జరిపాడు. "ఈ వివరాలు నిజమేనని కోర్టుకు చిన్న డిక్లరేషన్. సంతకం పెట్టు."

"అవి తప్పు సార్. వాళ్ళు మూడు తరాలుగా అక్కడే పుట్టారు."

"మరి నువ్వే రాశావుగా? శాస్త్రంలో ఎమోషన్స్ ఉండకూడదమ్మా." గొంతు ఇంకాస్త మెత్తబడింది. "ఫెలోషిప్పు లేకపోతే ఈ జూన్‌తో నీ పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ అయిపోతుంది. మీ నాన్నగారు కూడా లేరు కదా. ఆలోచించుకో."

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేసింది.

లాలాగూడలో ఇంటికి వెళ్ళి తల్లికి చెప్పింది. ఎలీసబెతు మిషను స్కూల్లో ఆయాగా చేస్తోంది. విని చేతిలో చేట నేలకేసి కొట్టింది.

"పెట్టెయ్యి సంతకం! డెబ్బై నాలుగు రైల్వే సమ్మెలో మీ నాన్న కూడా ఇట్టాగే న్యాయం న్యాయం అన్నాడు. నెల రోజులు జైల్లో ఉన్నాడు. నిన్ను చంకనేసుకుని గేటు బయట నిలబడ్డదాన్ని నేను. నీకేం గుర్తుంటుందిలే!"

"నాన్న తప్పు చేశాడంటావా అమ్మా?"

"తప్పని నేననలేదు. ఆకలేసిందంటున్నా."

ఆ రోజు తల్లీకూతుళ్ళిద్దరూ సరిగ్గా అన్నం తినలేదు.

*

మర్నాడు బంగళా వరండాలో పదకొండు మంది స్కాలర్లూ కూర్చున్నారు. ప్రేమమణి జరిగింది జరిగినట్టు చెప్పి డిక్లరేషను మధ్యలో పెట్టింది.

"నువ్వు పెట్టకు. కానీ మమ్మల్ని లాగకు," అన్నాడొకడు. "ఫెలోషిప్పు పోతే నేను ఊరికి పోయి బర్రెలు కాసుకోవాలె."

"కాసుకో! బర్రెలు కాస్తే పాలన్న వస్తయ్," అన్నాడు పర్వతాలు. కూలి ఇంట పుట్టి, హాస్టళ్ళలో పెరిగి, ఆ మెట్లెక్కినవాడు. కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఈడ మనం కాస్తున్నదేంది? జోగారావు ప్లాట్లు! ఇయ్యాల కాప్రా. రేపు నేను రాసిన బస్తీ. ఎల్లుండి నీది. పేదోని ఇంట్ల తిని, వాని గుట్టు తెచ్చి దొర బీరువాల పెడుతున్నం. దీనికి పతకం సుత ఇస్తరంట!"

"మనం ఎటూ మొగ్గకూడదు, స్కాలర్లం," అంది ఒకమ్మాయి సన్నగా.

"గుడిసె కూలగొట్టేటప్పుడు నీ పటం ఎటు మొగ్గింది?" అన్నాడు పర్వతాలు.

వాదన రెండు గంటలు నడిచింది. అరుపులయ్యాయి, ఒకడు లేచి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. చివరకు ప్రేమమణే అంది: "తప్పు నాది. ముందు వాళ్ళకే చదివి వినిపిద్దాం. మనం వాళ్ళ గురించి ఏం రాశామో వాళ్ళకు ఒక్కసారీ చదివి వినిపించలేదు."

ఆ సాయంత్రమే పదకొండు మందీ కాప్రా బస్సెక్కారు. బర్రెల మాటన్నవాడు కూడా ఎక్కాడు.

వాడలో మొదట ఎవరూ కూర్చోమనలేదు. "మళ్ళ రాసుకపోనీకి వచ్చిండ్రా? ఉన్నయి సుత కూలగొట్టిపిస్తరా?" అని కుర్రకారు మీదికి వచ్చారు. ప్రేమమణి నోటుబుక్కు తెరిచి అక్కడే నిలబడి పైకి చదవడం షురూ చేసింది. ఒక్కొక్క ఇల్లు, ఒక్కొక్క పేరు. తనకు తెలిసీ రాయనిదేమిటో కూడా చెప్పింది. సిగ్గుపడుతూనే చదువుతూ పోయింది.

పదో ఇంటి దగ్గర బాలనర్సమ్మ చెయ్యెత్తింది.

"ఆగు. అమ్మోరి ఊరు అడిగినవ్, చెప్పినం. బొడ్డు ఏడ పాతినరని అడిగినవా?"

"లేదమ్మా."

"అడగలే. అడిగుంటే చూపిస్తుంటి."

అక్కడ ఒక పద్ధతి ఉంది. బిడ్డ పుడితే మంత్రసాని బొడ్డుతాడును ఆ గుడిసె వెనకే గుంట తీసి పాతిపెడుతుంది. కుక్క తవ్వకుండా మీద ఒక రాయి కప్పుతుంది. రాతి మీద ఆ ఇంటాయన ఉలితో తన ఇంటి గుర్తు కొడతాడు. బాలనర్సమ్మ కంటే ముందు ఆమె తల్లి, అంతకు ముందు ఆమె అత్త చేసిన పని అదే. ముసలమ్మ లాంతరు తీసుకుని ముందు నడిచింది. కూలిన గుడిసెల వెనక మట్టి తోసి ఒక రాయి చూపించింది, పక్కనే మరొకటి, దాని కింది వరసలో నాచు పట్టి అరిగిపోయినవి ఇంకొన్ని.

"ఇది నా కొడుకుది. ఇది నాది. ఇది మా అయ్యది. రాయి, బిడ్డా. రాసి మళ్ళ సదువు. తప్పుంటే కొట్టెయ్యమంట."

రెండు రోజులు పదకొండు మందీ అక్కడే ఉన్నారు. ఈసారి వాళ్ళు అడగలేదు, వాడవాళ్ళు చెప్పారు. చదివిన ప్రతి పేజీ కిందా ఆ ఇంటివాళ్ళు వేలిముద్ర వేశారు.

*

శనివారం సాయంత్రం సికింద్రాబాద్ స్టేషనుకు దగ్గర్లో ఒక ఫంక్షను హాలు. వేదిక మీద పూలదండలు, వెండి పళ్ళెంలో పతకం. జోగారావు మాట్లాడాడు.

"మాది చదువుకోని కుటుంబమండి. అందుకే చదువుకునే పిల్లలంటే నాకు ప్రాణం. పేదల జీవితాలు రాసే ఈ అమ్మాయి మా ఇంటి ఆడపడుచులాంటిది!"

చప్పట్లు కొట్టినవాళ్ళు కొట్టారు. అప్పుడు వెనక తలుపులు తోసుకుని రాళ్ళ దుమ్ము బట్టలతో జనం లోపలికి వచ్చారు. వంద మందికి తక్కువ ఉండరు. కుర్చీలు చాలక గోడల పొడుగునా నిలబడ్డారు. జ్ఞానశేఖర్ మొహంలో నెత్తురుచుక్క లేదు.

ప్రేమమణి మైకు ముందుకు వెళ్ళింది. పళ్ళెం వైపు చూడలేదు.

"నేను రాసింది తప్పు. ఆ తప్పుకే ఈ పతకం. తప్పని తెలిసీ కోర్టులో నిజమని సంతకం పెట్టమన్నారు. పెట్టను. సరిచేసింది చదువుతా, వినండి. మొదటి ఇల్లు. బొడ్డు పాతిన చోటు, కాప్రా బండలు. తండ్రిది అక్కడే. తాతది అక్కడే."

"ఉన్నం!" ఒక కుటుంబం చేతులెత్తింది.

"రెండో ఇల్లు..."

"ఉన్నం!"

నాలుగో ఇంటికి మైకు ఆగిపోయింది. పర్వతాలు కుర్చీ ఎక్కి అయిదో ఇల్లు చదివాడు. అతన్ని బందోబస్తు పోలీసులు లాగేస్తే ఎటూ మొగ్గకూడదన్న అమ్మాయి ఆరో ఇల్లు చదివింది. ఆమె గొంతు ఇప్పుడు సన్నగా లేదు. హాలుకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు చదువుతుంటే పోలీసులు ఎవరి నోరు ముందు మూయాలో తెలియక తిరిగారు. ప్రతి ఇంటికీ "ఉన్నం!" అన్న కేక లేస్తూనే ఉంది.

"నీ భవిష్యత్తు నువ్వే నాశనం చేసుకుంటున్నావ్!" అన్నాడు జ్ఞానశేఖర్.

"వీళ్ళని బయటికి ఈడ్చండయ్యా!" ఆడపడుచు మాట మరిచిపోయిన జోగారావు అరిచాడు.

ప్రేమమణినీ పర్వతాలునూ జుట్టు పట్టుకుని వ్యాను ఎక్కించారు. నోటుబుక్కు లాక్కున్నారు. దానికి పది మంది పది నకళ్ళు రాసి పెట్టారని పోలీసులకు తెలియదు.

*

ఆదివారం బెయిలు లేదు. సోమవారం ఎలీసబెతు వచ్చి ఇద్దరి జామీను మీదా సంతకం పెట్టింది.

"నీ సంతకం నువ్వు పెట్టనన్నావుగా. నాది పెట్టా," అంది. కూతురి కమిలిన చెంప తడిమి కళ్ళు తుడుచుకుంది. "పద. ఆకలేస్తే ఇద్దరికీ వేస్తుంది."

కోర్టులో తొమ్మిది మంది స్కాలర్లు నకళ్ళతో నిలబడ్డారు. జోగారావు వకీలు వాయిదా అడిగాడు, జడ్జి స్టే ఉంచి పదిహేను రోజులు ఇచ్చాడు. కేంద్రం గేటుకు నోటీసు వేలాడింది: పదకొండు మంది ఫెలోషిప్పులూ రద్దు. అది చూసి పక్క కాలేజీల స్కాలర్లు తమ డైరెక్టర్ల బీరువాల్లో ఏముందో అడగడం మొదలుపెట్టారు.

వాయిదా కోసం వాడ ఎదురుచూడలేదు. తల్లీకూతుళ్ళు, పర్వతాలు కాప్రాలో బస్సు దిగేసరికి కూలిన పన్నెండు గుడిసెల చోట గోడలు మోకాలెత్తు లేచి ఉన్నాయి. తడికెలు కావు, రాతి గోడలు. జోగారావు కోసం కొట్టి వరసలు పేర్చిన రాళ్ళే, క్వారీ నుంచి చేతులు మారుతూ వస్తున్నాయి. అరవై ఇళ్ళవాళ్ళు, స్కాలర్లు, ముఖం తెలియని కాలేజీ పిల్లలు ఒకే వరసలో ఉన్నారు. ప్రేమమణి చున్నీ నడుముకు బిగించి వరసలో నిలబడింది. ఎలీసబెతు ఆమె పక్కన.

సూపర్‌వైజరు జీపు దిగి పరుగెత్తుకొచ్చాడు. "ఎవని పర్మిషన్‌తోటి కడుతున్నరే? అవి సార్ రాళ్ళు!"

బాలనర్సమ్మ గోడ మీద నుంచి తల తిప్పింది.

"మీ సార్ ఒక్క రాయి కొట్టి చూపియ్యమను. గా ఒక్కటి ఇడిసి పెడ్తం."

వరసలో నవ్వులు లేచాయి. సూపర్‌వైజరు ఒక అడుగు ముందుకు వేశాడు. రాళ్ళు పట్టుకున్న చేతులన్నీ ఒక్క క్షణం ఆగాయి. అతను ఆ అడుగు వెనక్కి తీసుకున్నాడు.

"ఆపకుండ్రి, పొద్దు గూకుతది," అంది బాలనర్సమ్మ.