చూపు బిగించిన చోటు

హెన్నింగ్ రొగ్గో పేరు మనవాళ్ల చెవిన పడితే "రోగం ఇంటిపేరులోనే ఉంది కదయ్యా" అనేవాళ్లు. జర్మనీలోని ల్యూబెక్‌లో అలా అనే దిక్కులేక, ఆయనకి రోగం ఉందని తేల్చడానికి డాక్టర్లకి తొమ్మిదేళ్లు పట్టింది.

వెన్ను వెన్నలా వంగాల్సిన వయసులో, పొద్దున్నే నడుం కొయ్యబారిపోయి మంచం దిగలేకపోయేవాడు. వంకర తిరుగుతున్న మనిషికి ప్రతి డాక్టరూ ఒక వంక చెప్పాడు. పరుపు మెత్తన అన్నాడొకడు. మనసు మెత్తన అన్నాడింకొకడు. మరొకాయన మరీ మర్యాదస్థుడు, సోమరితనం అని నోటితో అనకుండా రోజూ ఏటి గట్టున పరుగెత్తమన్నాడు. చివరికి ఎవరో ఎక్స్‌రే తీయిస్తే, అందులో వెన్నెముక వెదురుగెడలా ఉంది. విడివిడిగా కాపురాలుండాల్సిన వెన్నుపూసలన్నీ అతుక్కుపోయి ఉమ్మడి కుటుంబమయ్యాయి. ఉమ్మడి కుటుంబం అన్నాక ఒకరు కదలాలంటే అందరూ కదలాలి. అందుకని ఎవరూ కదలడం మానేశారు. మందులు మంటని ఆర్పాయిగానీ కాలిపోయినదాన్ని తిరిగి కట్టలేదు.

ఏడాదికి కాస్త చొప్పున వంగి వంగి, యాభై దాటేసరికి గడ్డం వచ్చి గుండెకి ఆనింది. తలవంపులు తెచ్చే పని ఏదీ చేయకుండానే జీవితమంతా తలవంపైపోయింది. బీరు గొట్టంతో పీల్చేవాడు. మనుషుల్ని బూట్లతో, గొంతులతో గుర్తుపట్టేవాడు. రొట్టెల కొట్టామె గొంతు తేనె అనీ, తన యజమాని వోల్క్‌మార్ ఎగ్గెర్ట్ గొంతు పాకం అనీ, తన భార్య సిల్కె నవ్వు ఆ రెండూ కలిపి కాచినదనీ ఆయన లెక్క. ఆ నవ్వు కోసమే రోజుకో అరడజను జోకులు తయారుచేసుకుని ఇంటికి వచ్చేవాడు.

ఇంత వంగినా బతుకు నడిచిందంటే కారణం ఆయన పని. ఎగ్గెర్ట్ గారి దుకాణంలో బాదంపిండి, చక్కెర కలిపిన మార్జిపాన్ ముద్దతో బొమ్మలు చేస్తాడు. పియర్ పళ్లు, బంగాళాదుంపలు, కొత్త సంవత్సరానికి అదృష్టం తెచ్చే గులాబీరంగు పందులు. లోకంలో ఆయన చూపు ఆనే చోటు ఒక్కటే, అది ఆ బల్ల. ఆయన చేసిన పంది మూతి మీద కూడా ఒక అభిప్రాయం ఉండేది.

కానీ తిన్న ముద్ద గొంతు దిగడం కష్టమైంది. గడ్డం కింద చర్మం ఒరిసి పుండు పడింది. ఒకరోజు రోడ్డు దాటుతూ, ఎదురుగా వస్తున్న సైకిలు చక్రాన్ని తప్ప సైకిలుని చూడలేక కిందపడ్డాడు. అప్పుడు పంపించారు ఆల్ముట్ హార్మ్‌సెన్ దగ్గరికి. వెన్నెముకల సర్జన్. ఆయనకి ముందు పరిచయమైనవి ఆమె ఆకుపచ్చ రబ్బరు చెప్పులు.

"పడుకోండి రొగ్గో గారూ. లేకపోతే మీ మొహం కోసం నేను నేల మీద కూర్చోవాలి."

పడుకున్నాడు. మనిషి పడుకున్నాడుగానీ తల పడుకోలేదు. గాల్లోనే నిలబడి ఉంది. కింద దిండు మీద దిండు పెట్టాల్సి వచ్చింది. తుంటి కదిపి చూసింది, కాళ్ల బలం చూసింది, నిలబెట్టి పక్కనుంచి నిలువెత్తు ఎక్స్‌రే తీయించింది, మెడ స్కానింగు చేయించింది. వంపంతా మెడ మొదట్లోనే ఉందని తేల్చింది.

"భుజాల మధ్య అతుక్కుపోయిన ఎముకని ముక్కోణంగా కోసి తీస్తాను. తల వెనక్కి వాల్చి ఆ ఖాళీ మూస్తాను. కడ్డీలు పెట్టి మరలు బిగిస్తాను. వెన్నుపాము పక్కనే పని. చేతులూ కాళ్లూ పడిపోయే ప్రమాదం ఉంది. అది దాచను."

"బిగించాక?"

"బిగించిందే. మీ మెడ ఇప్పుడెలాగూ పైకీ కిందికీ ఆడదు, పక్కకీ తిరగదు. రేపూ అంతే. జన్మకి ఒకే చూపు. అది ఎక్కడ ఉండాలో మీరే చెప్పాలి."

"పందుల మీద."

"ఏంటండీ?"

"నా బల్ల మీద పందులు కనపడాలి డాక్టరు గారూ. అవి లేకపోతే నేను లేను."

ఆమె ఆయన్ని వెనక్కి వాలే కుర్చీలో కూర్చోబెట్టి, ముందు చిన్న బల్ల వేసి, కుర్చీని మెల్లగా వాల్చుకుంటూ పోయింది. "ఇక్కడ?"

"బల్ల బాగా కనిపిస్తోంది. మీ గుండీలు కూడా."

"రెండడుగులు వెనక్కి వెళ్తున్నా. ఇప్పుడు?"

"మీ మొహం! అబ్బ, ఎంత అలసిపోయారండీ."

"అది అందరికీ చెప్పకండి. ఇంకా వాలుస్తున్నా."

"కిటికీ. చెట్టు. ఆకాశం... బల్ల పోయింది."

"పూర్తి నిటారు ఫొటోలకి బాగుంటుంది, మెట్లు దిగడానికి బాగుండదు. కాస్త వంపు ఉంచుకున్నవాళ్లే తర్వాత నన్ను తిట్టలేదు. మొదట ఆపిన చోటే బిగిస్తాను. సరేనా?"

సరేనన్నాడు.

సరే అననిది సిల్కె.

"వంపు ఉంచుకుంటావా?" అంది వంటింట్లో, ఉల్లిపాయ కోస్తూ. "ఇన్నేళ్లు నీ నడినెత్తితో కాపురం చేశాను హెన్నింగ్. నీకు ముద్దు పెట్టాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి. రోజూ నేనే నిన్ను పెళ్లి చేసుకోమని బతిమాలుతున్నట్టుంటుంది."

"దూరంగా నిలబడితే మొహం కనిపిస్తుందట."

"పెళ్లాన్ని దూరంగా నిలబెట్టి చూస్తావా? నేనేమైనా గడియార స్తంభాన్నా?"

"పని ఉండాలి కదా సిల్కె."

"తేల్చి చెప్పు. పందులా, నేనా?"

"పందులు ఎప్పుడూ ఈ ప్రశ్న అడగలేదు."

కత్తి తొట్టిలో పడిన చప్పుడు. తర్వాత ఆమె గొంతు సన్నగా వచ్చింది. "నలుగురిలో ఎదురుగా కూర్చుని నన్ను చూసే మనిషి కావాలి. అంతే. ఎక్కువ అడిగానా?"

ఉల్లిపాయకి ఏడ్చిందో తనకోసం ఏడ్చిందో చూడటానికి ఆయనకి చూపు లేదు.

దుకాణంలో వోల్క్‌మార్ ఎగ్గెర్ట్ మెరిసే నల్లబూట్లు వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. "నిటారుగా చేయించుకోండి హెన్నింగ్ గారూ! మీరు తలెత్తుకు తిరగాలండీ! బల్లదేముంది, ఎత్తు పెంచుదాం. మీ చోటు మీదే. నా మాట నమ్మండి." పాకం తీగ సాగింది.

ఆపరేషన్ నాడు పొద్దున్న డాక్టరమ్మ వచ్చి, "అనుకున్నదే కదా?" అంది.

"కాదు. నిటారుగా బిగించండి."

ఆకుపచ్చ చెప్పులు కదల్లేదు. ఆమె గొంతుక్కూర్చుని కింద నుంచి ఆయన కళ్లలోకి చూసింది. "ఇది మీ మాటేనా?"

సిల్కె చెయ్యి ఆయన చేతి మీద ఉంది. వెచ్చగా ఉంది.

"నాదే."

"వెనక్కి తీసుకునే మాట కాదిది."

"తెలుసండీ."

చేతులు పడిపోలేదు, కాళ్లు పడిపోలేదు. పుండు మానింది, ముద్ద దిగింది. నిలబెట్టినప్పుడు మొదట చూసింది సిల్కెని. కళ్ల కింద సంచులు. ఒక పక్క బంగారు పన్ను. అదెప్పుడు కట్టించుకుందో! ఆమె ఏడుస్తోంది. ఈసారి ఉల్లిపాయ లేదు.

"ఎలా ఉన్నాను?"

"కొత్తగా."

కొన్నాళ్లు పండగే. చర్చి గోపురాలు, పడవల తెరచాపలు, రెండో అంతస్తు కిటికీల్లో పూలకుండీలు. మెట్ల దగ్గర మాత్రం పాదంతో తడుముకునేవాడు. గొంతుతో పలకరించినవాళ్లందర్నీ మొహంతో కలుసుకోవడానికి ఊరంతా తిరిగాడు.

అక్కడే వచ్చింది చిక్కు.

"ఎంత బాగున్నారండీ!" అంది రొట్టెల కొట్టామె. అదే తేనె గొంతు. కళ్లు మాత్రం ఆయన భుజం మీదుగా వెనక వరసని లెక్కపెడుతున్నాయి, పెదవి ఒక మూల విసుగ్గా వంగి ఉంది. పక్కింటాయన "దేవుడు చల్లగా చూశాడు" అంటూ ఆవలించాడు. ఇరవై ఏళ్లుగా ఈయన ముందు ఎవరూ మొహం సర్దుకోవాల్సిన అవసరం పడలేదు. మాటకి మాత్రం ఇస్త్రీ చేసి పంపేవాళ్లు, మొహాన్ని నలిగిందాన్ని నలిగినట్టే వదిలేసేవాళ్లు. మొహమాటం అంటే మొహం ఒకటి, మాట ఒకటి అని ఇన్నాళ్లకి అర్థమైంది హెన్నింగ్‌కి.

పనిలో చేరాడు. బల్లని పెట్టెల మీదకి ఎక్కించారు. ముద్ద కళ్లకి కనిపించాలంటే చేతులు గుండె ఎత్తున పట్టుకుని చేయాలి. మధ్యాహ్నానికి భుజాలు పడిపోయేవి. దించితే చేతులు మాయం. పందులకి మెల్లకన్ను వచ్చింది. ఒకదానికి చెవి ఉండాల్సిన చోట తోక వచ్చింది. అదృష్టం అమ్మే దుకాణంలో అవిటి అదృష్టాన్ని ఎవరు కొంటారు?

"తొందరేం లేదండీ హెన్నింగ్ గారూ. మీ చోటు ఎక్కడికి పోతుంది!" అన్నాడు వోల్క్‌మార్. పాకం ఏమాత్రం పలచబడలేదు. కళ్లు మాత్రం గట్టిగా మూసుకుని తెరిచి, పక్కనున్న కొత్త పనామె వైపు తిరిగి, 'ఇంకా ఎన్నాళ్లు ఈ గోల' అన్నట్టు తలాడించాడు.

"వోల్క్‌మార్ గారూ."

"చెప్పండి."

"మీరిప్పుడు నాకు కనిపిస్తున్నారు."

వోల్క్‌మార్ మొహం ఎర్రబడింది. హెన్నింగ్ ఏప్రాన్ విప్పి, చూడలేని బల్ల మీద చేత్తో వెతికి పెట్టాడు.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. "కొంచెం వంచగలరా?"

ఆమె నవ్వలేదు. "ఎముక పూర్తిగా అతుక్కుంది రొగ్గో గారూ. మళ్లీ కోస్తే ఈసారి కాళ్లు మిగులుతాయని చెప్పలేను. నేను ఆ పని చేయను." మొహం, మాట రెండూ ఒకటే చెప్పిన మనిషి ఆ ఊళ్లో ఆమె ఒక్కతే. చెప్పింది మాత్రం అది.

ఇక సిల్కె. ఇంటికొచ్చిన కొత్తలోనే ఒక రాత్రి భోజనాల దగ్గర ఆయన జోకు వేశాడు. నవ్వింది. తేనె, పాకం కలిపిన నవ్వే. పెదాలు సందిచ్చి శబ్దాన్ని బయటికి వదిలాయి. మొహంలో ఒక్క గీత కదల్లేదు. కళ్లు కిటికీ అవతల ఎక్కడో ఉన్నాయి. అంతలో ఆయన చూపు తగిలి, తలుపు వేయడం మరిచి బట్టలు మార్చుకుంటూ పట్టుబడ్డ మనిషిలా ఉలిక్కిపడింది. తప్పు ఆమెదనడానికి ఆయనకి నోరు రాలేదు. ఎవరూ చూడని మొహాన్ని ఎన్నేళ్లని సింగారించుకుంటుంది ఎవరైనా? మర్నాటి నుంచి కంచం తెచ్చుకుని ఆయన పక్కన కూర్చుంది. "ఇక్కడ వెలుతురు బాగుంది" అంది.

మెడ పక్కకి తిరగదు.

పని పోయిన సంగతి, డాక్టరమ్మ దగ్గర్నుంచి వచ్చిన రాత్రి, జోకు చేసే చెప్పాడు. "చెవి దగ్గర తోక పెట్టి పని పోగొట్టుకున్నా సిల్కె. వెనకదాన్ని ముందుకి తెస్తే పైకి తెచ్చినట్టే అనుకున్నా."

పక్కనుంచి నవ్వు వచ్చింది. చక్కగా, తియ్యగా, సరిగ్గా రావాల్సినంత సేపు.

"ఏం పర్లేదు, నేనున్నాగా" అంది.

"ఎదురుగా వచ్చి ఆ మాట అను."

"వినిపిస్తోందిగా?"

ఆయన రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని, కుర్చీతో సహా మొత్తం మనిషిని, బీరువాని జరిపినట్టు, ఆమె వైపు జరపడం మొదలుపెట్టాడు. కుర్చీ కాళ్లు నేల మీద కీచుమన్నాయి. ఇంకో మూర తిరిగితే మొహం కనపడుతుంది.

ఆమె చటుక్కున లేచింది. "అయ్యో, సూపు పొంగుతోంది!" అంటూ వెనక నుంచి ఎటో వెళ్లింది.

పొయ్యి సరిగ్గా ఆయన కళ్ల ఎదురుగా ఉంది. దాని మీద గిన్నె లేదు.