పేరు లేని డబ్బా

మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక భద్రమ్మ వంటింట్లో పీట వాల్చుకుని కూర్చునేది. మిగిలిన అన్నం, కూర ఒకసారి చూసి, గూట్లో బోర్లించిన గిన్నెల్లో ఒకటి ఎంచి తీసేది. గిర్మాజీపేటలోని ఆ ఇంట్లో అది రోజూ ఉండే పనే. కానీ తొందరపడి చేసే పని కాదు.

ప్రతి గిన్నె మీదా ఎవరిదో ఒక పేరుండేది. పెళ్ళికో పండుగకో సామాను కొన్నప్పుడు చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేర్లవి. ఎవరి గిన్నెలో అన్నం దాస్తే వాళ్ళకు దాని మీద ఆకలి పుట్టేది. ఎక్కడున్నా బయల్దేరి వచ్చేవాళ్ళు. వచ్చి, గిన్నె ఖాళీ చేసేదాకా వాళ్ళకు ఇంకేదీ గొంతు దిగేది కాదు. వాళ్ళు తినేదాకా ఆ అన్నం పాడయ్యేదీ కాదు, అప్పుడే పొయ్యి మీంచి దించినట్టు వెచ్చగా ఉండేది. వరంగల్‌లో ఏ ఇంట్లోనైనా అంతే. అందుకే చుట్టాలు చెప్పకుండా దిగినా ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. "ఏందే, చింతచిగురు పప్పు నా గిన్నెల పెట్టిన్రా? పొద్దటిసంది ఛాయ్ గూడ దిగుతలేదు" అంటూ గడపలో చెప్పులు విడిచేవాళ్ళు. వెనకటికి మట్టికుండలో దాస్తే కుమ్మరి పోశయ్య వచ్చేవాడట, కుండ మీద అతని వేలిముద్ర ఉండేది కదా.

పెట్టిన అన్నం పారబోయకూడదు. భద్రమ్మ మరిది రాజలింగం గిన్నెలోని అన్నాన్ని ఒకసారి ఎవరో తెలియక బర్రెకు పెట్టారు. దాంతో అతనికి ఆకలే పోయింది. కంచం ముందు కూర్చునేవాడు, అన్నం కలిపేవాడు, ముద్ద ఎత్తి మళ్ళీ దించేవాడు. నలభై రోజులు అట్లా ఎండిపోయి ప్రాణం విడిచాడు.

కొత్త కోడలిగా వచ్చిన వారంలోనే వరలక్ష్మి ఈ సంగతి విన్నది. అసలే ఆమెది భయపడే గుణం. పైగా మొదటి ఏడాదిలోనే ఒక పొరపాటు చేసింది. భర్త భాస్కర్ మిర్చి లారీలతో నాగ్‌పూర్ పోతూ ఉండేవాడు. అతను లేని రోజున గోంగూర వండి, ఇష్టంగా తింటాడు కదా అని అతని గిన్నెలో తీసిపెట్టింది. భాస్కర్ రెండు రోజులు పచ్చి మంచినీళ్ళు కూడా మింగలేక, పెదవులు పగిలి ఇల్లు చేరాడు.

"నీ గోంగూర నాగ్‌పూర్ దాకా వచ్చి గల్ల పట్టుకున్నదే" అని నవ్వాడు. వరలక్ష్మి నవ్వలేకపోయింది. అప్పటి నుంచి ఏ గిన్నె ముట్టుకున్నా పేరు రెండుసార్లు చదివేది. చదివి, వేలితో తడిమేది. మూత పెట్టి వచ్చి, మళ్ళీ లేచిపోయి చూసేది.

ఎనభై మూడులో, ఆమెకు ఏడో నెల నడుస్తుండగా, సైకిల్ మీద ప్లాస్టిక్ డబ్బాలు అమ్మే మనిషి వాడకట్టులోకి రావడం మొదలుపెట్టాడు. ఎర్రవి, పచ్చవి, బిగుతు మూతలవి. పాత చీరలకు ఇచ్చేవాడు.

"వీటి మీద పేరు కొడ్తరా?" అని అడిగింది వరలక్ష్మి.

"ప్లాస్టిక్ మీద పేరేందమ్మా? సుత్తె పెడితే పలిగి చేతికొస్తది."

ఆ మాటకు ఆమె గుండె మీంచి బరువు దిగినట్టయింది. మూడు చీరలిచ్చి ఒక పచ్చ డబ్బా తీసుకుంది. భద్రమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎవలదో తెల్వని దాన్ల బువ్వ ఎట్ల పెడ్తరే?"

"ఎవలదీ కాదు అత్తమ్మా, అందుకే తీసుకున్న. ఎవలనూ గోస పెట్టది."

ఆమె అన్నట్టే రెండు నెలలు ఏమీ కాలేదు. డబ్బాలో పెట్టినది ఇంట్లో ఎవరికి తోస్తే వాళ్ళు తినేవారు. తినకపోతే తెల్లారేసరికి పులిసేది. ఆ పులుపు వాసన తగిలిన రోజు వరలక్ష్మికి ప్రాణం హాయిగా ఉండేది.

వరలక్ష్మి తల్లి లేని పిల్ల గనుక కాన్పు అత్తవారింట్లోనే జరిగింది. ఆడపిల్ల. ఇరవైయొకటో నాడు మేనత్త వచ్చి తొట్టెలలో వేసి పేరు పెట్టాలి. అప్పటిదాకా అందరికీ అది బిడ్డే. చాటలో మెత్తటి పాత చీర పరిచి పడుకోబెట్టేవారు.

పదకొండో నాడు పురుడు స్నానం చేయించారు. వచ్చిన చుట్టాలు తిని వెళ్ళాక అన్నం, వంకాయ కూర బాగా మిగిలాయి. చుట్టాలను బస్సెక్కించడానికి భద్రమ్మ బయటికి వెళ్ళింది. ఎండాకాలం, ఊరికే వదిలేస్తే పాడైపోతుంది. వరలక్ష్మి గోడ పట్టుకుని లేచి గూటి దగ్గరికి పోయింది. భర్త గిన్నె వద్దు, అతను నాగ్‌పూర్‌లో ఉన్నాడు. తన గిన్నె వద్దు, పథ్యంలో ఉన్న బాలింత వంకాయ తినకూడదు. అత్త గిన్నె వద్దు, ఆమెకు ఆ రోజు ఒక్కపొద్దు. ఎవరికీ కష్టం కలగకూడదని అంతా ఆలోచించి, పచ్చ డబ్బాలో పెట్టి మూత నొక్కింది. జాలీ అల్మారాలో ఉంచి వచ్చి పడుకుంది.

సాయంత్రం బిడ్డ పాలు తాగలేదు.

రొమ్ము నోటికి అందిస్తే మొహం తిప్పుకుంది. ఏడుస్తుంది, నోరు తెరుస్తుంది, చుక్క పడితే ఉమ్మేస్తుంది. దిష్టి తీశారు. పక్కింటి కృపమ్మ తొమ్మిదో నెల పొట్టతో ఆయాసపడుతూ వచ్చి, బిడ్డ తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసింది. దవాఖానలో డాక్టరమ్మ కళ్ళు, గొంతు, కడుపు అన్నీ చూసి, "ఏ రోగమూ లేదు. గ్లూకోజు నీళ్ళు చెంచాతో పట్టండి" అన్నది. బిడ్డ అవీ ఉమ్మేసింది. మర్నాడు పొద్దున్నకు ఏడుపు సన్నగిల్లింది, పెదవులు ఎండాయి. నాలుగైదు గడియలకొకసారి కళ్ళు తెరిచి వంటింటి వైపు చూసేది.

పాలు పిండి పడేస్తూ వరలక్ష్మి కుమిలిపోయింది. తాను ఏం తప్పు చేసిందా అని నెల రోజుల పనులన్నీ ఒక్కొక్కటే తలుచుకుంది. డబ్బా మాత్రం గుర్తుకు రాలేదు. అదొక్కటే తప్పు లేకుండా చేసిన పనని ఆమె నమ్మకం.

అల్మారా తెరిచినది భద్రమ్మ. డబ్బా చేతిలోకి తీసుకుని, ఉలిక్కిపడినట్టు ఆగిపోయింది. మూత తీసింది. అన్నం మీంచి సన్నగా ఆవిరి లేచింది.

"కోడలా, ఇది ఎప్పుడు పెట్టినవే?"

"నిన్న మాపటికి ముందు, అత్తమ్మా."

"ఎవల పేరు మీద పెట్టినవ్?"

"ఎవల పేరూ లేదు గదా. అందుకే పెట్టిన..."

మాట పూర్తి కాలేదు. ఇద్దరి చూపులూ ఒకేసారి చాట మీదికి పోయాయి. ఆ ఇంట్లో పేరు లేనిది బిడ్డ ఒక్కతే.

వరలక్ష్మి చతికిలబడింది. "పదకొండు రోజుల పసిగుడ్డు వంకాయ బువ్వ ఎట్ల తింటది అత్తమ్మా? పారబోస్తె రాజలింగం చిన్నమామ లెక్క..." ఆమె చాటను దగ్గరికి లాక్కుంది. తర్వాత గబగబా అన్నది, "ఇప్పుడే పేరు పెడదాం. ఏదో ఒకటి. పేరుంటే బిడ్డను ఇడిసిపెడ్తది గదా?"

"బిడ్డను ఇడుస్తది. బువ్వ మాత్రం గట్లనే ఉంటది." భద్రమ్మ మూత మెల్లగా మళ్ళీ పెట్టింది. "పేరు లేనోళ్ళ కోసం సూస్తనే ఉంటది. ఇయ్యాలో రేపో కృపమ్మ కంటది. నా మనుమరాలు బతికిందని, ఆ పిల్లను పట్టియ్యమంటవా?"

గోడ అవతల కృపమ్మ దగ్గు వినబడుతూనే ఉంది.

భద్రమ్మ చెప్పులేసుకుని బజారుకు పోయింది. సామాన్ల దుకాణం ముందు కూర్చుని పేర్లు కొట్టే రాయమల్లును వెంటబెట్టుకుని వచ్చింది. సంచీలో చిన్న సుత్తె, సన్న ఉలి. రాయమల్లు వస్తూనే మొదలుపెట్టాడు.

"ఇరవైయొకటో నాడు తొట్టెల పెట్టుకొని ఇప్పుడేం తొందరొచ్చిందే పెద్దమ్మా? మంచిది చెడ్డది సూడొద్దా?"

"నిన్ను పేరు కొట్టమన్న, పంచాంగం సెప్పమన్ననా?"

"సరే సరే. ఏం పేరు?"

"భద్రమ్మ."

రాయమల్లు నవ్వాడు. "నీ పేరేనా? ఒక్కింట్ల ఇద్దరు భద్రమ్మలైతే నీ బువ్వకు ఆమె, ఆమె బువ్వకు నువ్వు కొట్లాడుతరు గదా."

"ఒక్కతే ఉంటది" అన్నది భద్రమ్మ. తన పెళ్ళినాటి కంచు గిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది. "ముందుగాల దీని మీద ఉన్నది సదును చెయ్యి. చుక్క గూడ కనబడొద్దు."

రాయమల్లు మొహంలో నవ్వు పోయింది. ఆమెను చూశాడు, గోడకు ఆనుకున్న వరలక్ష్మిని చూశాడు, చాటను చూశాడు. గిన్నెను మోకాలి మీద పెట్టుకుని కొట్టడం మొదలుపెట్టాడు.

"వద్దు అత్తమ్మా" అన్నది వరలక్ష్మి. వద్దంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అందుకే రెండోసారి అనలేదు.

ఆ గిన్నె నున్నగా అయ్యాక రాయమల్లు బిడ్డ ఉగ్గుగిన్నె తీసుకుని మూడక్షరాలూ కొట్టాడు. భద్రమ్మ వంగి, బిడ్డ చెవిలో ఆ పేరు మూడుసార్లు చెప్పింది. మూడోసారి చెబుతుంటే ఆమె గొంతు తడబడింది, ఇతరుల పేరు పలికినట్టు.

వరలక్ష్మి బిడ్డను ఒడిలోకి తీసుకుంది. బిడ్డ రొమ్ము పట్టి, గుటకలు వినబడేలా తాగింది. వంటింట్లో అత్త నేల మీద కూర్చుని పచ్చ డబ్బా మూత తీసింది. అంత అన్నమూ, అంత కూరా మెతుకు మిగల్చకుండా తిని, డబ్బా కడిగి బోర్లించింది.

నాలుగో రోజున కృపమ్మకు కొడుకు పుట్టాడు. వాడు ఒక్క పూట కూడా పాలు మానలేదు.

ఆ రోజు నుంచి వాకిట్లో ఎవరైనా "భద్రమ్మా" అని పిలిస్తే తొట్టెలలో బిడ్డ కదిలేది. అత్త కదిలేది కాదు. వాడకట్టు ఆడవాళ్ళు ఆమెను ఏమని పిలవాలో తోచక "ఇగో, నిన్నే" అనడం నేర్చుకున్నారు.

దసరాకల్లా ఆ వాడకట్టులో ప్లాస్టిక్ డబ్బా లేని ఇల్లు లేదు. బరువుండవు, చింతపండు పెట్టి తోమే పని లేదు. అత్త గడప గడపకూ పోయి వద్దని చెప్పింది.

"మా ఇంట్ల పేరు లేనోళ్ళు ఎవలున్నరు పెద్దమ్మా?" అన్నారు వాళ్ళు. నిజమే. పేరు లేని మనిషి వాళ్ళ గడపలో నిలబడి ఉంది.

మొదట రెండిళ్ళ డబ్బాల నుంచి ఆమెకు పిలుపు వచ్చేది. తర్వాత ఏడిళ్ళు. మధ్యాహ్నం ఒంటిగంట దాటేసరికి ఆమె ఏ పనిలో ఉన్నా లేచేది. తాను తినకపోతే ఎక్కడో ఒక పసిబిడ్డ మొహం తిప్పుకుంటుందని ఆమెకు తెలుసు. నడవడం తప్పలేదు. ఏడాది తిరిగేసరికి హన్మకొండ దాకా, ఆ తర్వాత హసన్‌పర్తి దాకా పోవలసి వచ్చింది. సందు మొగలో నిలబడి, రెండు చేతులూ చెరో పక్కకూ ఎవరో లాగుతున్నట్టు అటూ ఇటూ ఊగి, ఏదో ఒక వైపు నడిచేది. ఒకసారి రెండు రోజులు రాలేదు. భాస్కర్ సైకిల్ మీద తిరిగి తిరిగి, కాజీపేటలో ఎవరి అరుగు మీదో కూర్చుని తింటుంటే చూసి తీసుకొచ్చాడు. "ఇల్లు ఏ దిక్కున్నదో మరిచిన కొడుకా, మనింటి దిక్కు నుంచి ఏం గుంజలే" అన్నది ఆమె.

ఆ మాట విన్న మర్నాడు వరలక్ష్మి కావాలని రెండు గిద్దెల బియ్యం ఎక్కువ పోసింది. భోజనాలయ్యాక, అత్త ఎప్పటిలాగే బయల్దేరి పోయాక, గూటి ముందు కూర్చుంది. పది ఇళ్ళ మిగిలిన అన్నం తిన్న మనిషిని పదకొండో ఇల్లు కూడా పిలవడం పాపమేనని ఆమెకు తెలుసు. లోపల తొట్టెలలో చిన్న భద్రమ్మ నిద్రలో చప్పరిస్తోంది.

వరలక్ష్మి పచ్చ డబ్బా దించి, అన్నం నింపి, మూత నాలుగు మూలలా నొక్కింది. చీకటి పడకముందే అత్త ఇల్లు చేరాలి.