తెరవైపు చూడని యూనీసత్త

శుక్రవారం పదకొండు గంటలకు మా మేనత్త ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలిపోతుంది. తేల్చేది నేను రాసిన ప్రోగ్రాం. బుధవారం సాయంత్రం దాకా ఆ ప్రోగ్రాంకు తెర మీద కనబడే విండోలు దేనితో కట్టాలో నాకే తేలలేదు.

మా అత్త యూనీస్ నాంపల్లిలోని ఒక మిషన్ బాలికల బడిలో టైపిస్టు. ఇరవై తొమ్మిదేళ్లుగా అడ్మిషన్ రిజిస్టర్లు ఆమె చేతిలోనే ఉన్నాయి. ఎప్పుడో చదువుకున్నవాళ్లు పాస్‌పోర్టుకనో పెన్షన్‌కనో వచ్చి పుట్టినతేదీ అడిగితే, రిజిస్టరు తీసి సర్టిఫికెట్ టైపు కొట్టి ఇచ్చేది ఆమే. ఆ ఏడాది, అంటే 2003లో, బడికి ఎవరో ఒక పాత కంప్యూటరు దానమిచ్చారు. రిజిస్టర్లన్నీ అందులోకి ఎక్కించాలని సెక్రటరీ దేవప్రసాద్ గారికి పట్టుకుంది. యాభై నాలుగేళ్ల యూనీసమ్మకు ఇప్పుడు కంప్యూటరు ఎక్కడొస్తుంది, ఆమె స్థానంలో బయటి ఆపరేటరును పెడదాం అన్నారు. నాకు ఒళ్లు మండింది. ప్రోగ్రాం నేను రాస్తాను, ఎక్కించేది మా అత్తే అని అనేశాను. సరే, శుక్రవారం ఇరవై పేర్లు ఎక్కించి చూపించమన్నారు. ఒక్కటి తప్పినా ఆపరేటరే.

ఆబిడ్స్‌లో చెప్పుల దుకాణం పైన నాకూ నా స్నేహితుడు రవిచంద్రకూ కలిపి ఒక గది ఉంది. రవిచంద్ర తాతగారు ఎప్పుడో బందరు నుంచి వచ్చి స్థిరపడ్డారు. మనవడి మాటలో మాత్రం బందరు ఇంకా పోలేదు.

"హాయిగా అందరూ వాడేదాంట్లో రాసుకోక, ఆ ఒంటె భాష ఎందుకండీ జాబెజ్ గారూ తమరికి?" అన్నాడు వాడు. నన్ను గారూ అన్నాడంటే ఏడిపిస్తున్నాడని లెక్క.

నేను ప్రోగ్రాంలు రాసే భాష ఓకామెల్. దాని గుర్తు ఒంటె. ఇరుక్కుపోతే అడగడానికి ఊళ్లో దాన్ని ఎరిగినవాడు ఒక్కడూ నాకు తెలిసి లేడు. అయినా నాకు అదంటే ప్రాణం. నా పొరపాట్లలో సగం ప్రోగ్రాం నడవకముందే పట్టి మొహాన కొడుతుంది. నాలాంటి కంగారు మనిషికి అలాంటి గట్టి భాషే కావాలి. కాకపోతే పదిమంది వాడని భాషకు విండోలు, బటన్లు తయారుచేసి ఇచ్చే, ముందే రాసిపెట్టిన కోడ్ లైబ్రరీలు కూడా అంతంత మాత్రమే. నాకు పనికొచ్చేవి రెండే దొరికాయి. ఒకటి టీకే. భాషతో పాటే వస్తుంది, చూస్తే బూడిదరంగు ఇనుప బీరువాలా ఉంటుంది. రెండోది జీటీకే. నునుపైన బటన్లు, ముద్దొచ్చే బొమ్మలు. రెండు వారాలు దాన్ని తీసి దీన్ని, దీన్ని తీసి దాన్ని పెట్టాను. అన్నం సయించలేదు. చివరికి అందమే సెక్రటరీ గారిని పడగొడుతుందని జీటీకే ఖాయం చేసి, గురువారం పొద్దున్నే నాంపల్లి వెళ్లాను.

అత్త కుర్చీ సర్దుకుని, రిజిస్టరు ఎడమపక్క పెట్టుకుని మొదలుపెట్టింది. వేళ్లు పరుగెత్తాయి. రెండో పేరుకు తేదీ గడిలో ఏదో తప్పుపడి 'సేవ్ కాలేదు' అని రంగురంగుల పెట్టె ఒకటి పైకి వచ్చింది. ఆమె ఆగలేదు. మరో ముగ్గురు పిల్లల పేర్లు, తండ్రుల పేర్లు, పుట్టినతేదీలు టకటకా కొట్టింది. ఒక్కటీ లోపలికి పోలేదు.

"అత్తమ్మా, జర స్క్రీన్ దిక్కు చూడు."

"ఎట్ల చూస్తరా? కన్ను కాగితం మీదనే ఉండాలె. సుల్తాన్ బజార్ల మాకు టైపు నేర్పిన సారు, మెషీన్ దిక్కు చూస్తే స్కేలు తోని వేళ్ల మీద ఇచ్చెటోడు."

"మరి లైను ఒడిసిందని ఎట్ల ఎరుకైతుండె?"

"మెషీనే గంట కొడ్తది గద."

ఇన్నాళ్ల అలవాటును ఒక్క రోజులో మాన్పించడం నా వల్ల కాదు. ఆమెకు ఏది కనబడాలా అని రెండు వారాలు చచ్చాను కానీ, ఏది వినబడాలో ఒక్కసారీ ఆలోచించలేదు. తప్పు లైబ్రరీది కాదు, నాది.

గదికి వచ్చి అంతా పీకేశాను. ఆమె చూడని అందం ఎందుకని టీకేతో ఒకటే విండో కట్టాను. పైకి లేచే పెట్టెలు లేవు. ఎంటర్ కొడితే కింది గడిలోకి పోతుంది. చివరి గడిలో కొడితే సేవ్ చేసి ఒక చిన్న కూత కూస్తుంది. తప్పుంటే కూయదు, అక్కడే ఆగిపోతుంది. అంతే.

"ఈ బూడిద మొహం చూస్తే మీ సెక్రటరీ గారు దండం పెట్టి పంపించేస్తారు," అన్నాడు రవిచంద్ర. నా భయం కూడా అదే.

శుక్రవారం దేవప్రసాద్ గారు చూడగానే మొహం చిట్లించారు. "ఏంది బాబూ గిది? ఒక రంగు లేదు, రూపు లేదు."

అత్త అప్పటికే మొదలుపెట్టింది. ఒక్కో పేరుకూ ఒక్కో కూత. నేను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాను. పదహారు అయ్యాయి. పదిహేడో పేరు కొట్టింది. కూత రాలేదు.

ఆమె చేతులు ఆగిపోయాయి. ప్రోగ్రాం చచ్చిందనుకున్నాను.

"కూయలే," అని అత్త మొదటిసారి తెర చూసింది. తర్వాత రిజిస్టరు మీద వేలు పెట్టింది. శేషారత్నం, పుట్టినతేదీ ఏప్రిల్ ముప్పై ఒకటి, 1971.

"ఏప్రిల్‌కు ముప్పై ఒకటి ఏడుంటది? రిజిస్టర్లనే తప్పున్నది." దగ్గరగా వంగి చూసింది. "గిది నా రాతే సార్. నేనే రాసిన."

నోరు మూసుకుని ఉంటే బాగుండునని నాకు ఏడుపొచ్చినంత పనైంది. దేవప్రసాద్ గారు రిజిస్టరు దగ్గరకు లాక్కుని చూశారు.

"ఇంకెవరన్న గిక్కడ కూసుంటే ఏం చేస్తుండె?" అని నన్నడిగారు.

"ముప్పై అని దిద్ది ముందుకు పోతుండె సార్."

అత్త మా మాటలు వినలేదు. లేచి వెళ్లి బీరువాలోంచి 1976 నాటి దరఖాస్తుల కట్ట తెచ్చింది. ముడి విప్పి, ఒక్కొక్క కాగితమే తిప్పి ఒకటి బయటికి లాగింది. అందులో ఆ పిల్ల తండ్రి రాసిన తేదీ ఏప్రిల్ పదమూడు.

"అంకెలు తిర్లమర్ల రాసిన," అని కూర్చుని పదమూడు కొట్టింది. కూత వినబడింది.

"ఆ పిల్ల ఎన్నడన్న సర్టిఫికెట్‌కు వచ్చిందా?" అన్నారాయన.

"ఇంకా రాలే సార్. ఎన్నడొస్తదో."

దేవప్రసాద్ గారు దరఖాస్తు కాగితాన్ని జాగ్రత్తగా మడిచి కట్టలో పెట్టారు. "ఆపరేటర్‌ను వద్దని చెప్తగాని, మిగిలిన మూడు కొట్టుండ్రి యూనీసమ్మా," అన్నారు. నావైపు తిరిగారు. "నువ్వు మటుకు దీనికి జర మంచి రంగులు పెట్టు బాబూ."

"నాకెందుకు సార్ రంగులు," అంది అత్త. కళ్లు అప్పటికే పద్దెనిమిదో పేరు మీద ఉన్నాయి. "గా కూత మటుకు తియ్యొద్దని చెప్పుండ్రి."