మొదటి నీళ్ళు

సుమియే చేసిన మొదటి పొరపాటు గుమ్మంలోనే జరిగింది. బస్సు దిగి, మోకాలి లోతు మంచులో కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, బూట్లు విప్పి పక్కన పెట్టింది. అక్కడితో ఊరుకోవలసింది. ఊరుకోకుండా వంగి, అక్కడున్న జోళ్ళన్నిటినీ ఒక్కొక్కటిగా తీసి, మంచు దులిపి, కొనలు వాకిలి వైపుకు తిప్పి వరసగా పేర్చింది. ఎవరివో అరిగిన రబ్బరు బూట్లు, ఒక జత చెక్క చెప్పులు, పట్టీ తెగిన ఇంకో జత. తల ఎత్తేసరికి, ఆ రాత్రికి గది తీసుకున్న విడిది యజమానురాలు హిసా, అరవై దాటిన మనిషి, మోకాళ్ళ మీద కూర్చుని విస్తుపోయి చూస్తోంది.

"అయ్యో అయ్యో! అమ్మా, అతిథి మీరా, నేనా?"

సుమియే చేతులు వెనక్కి తీసుకుంది, దొంగతనం చేస్తూ దొరికినట్టు. "అలవాటండీ" అంది.

ఎక్కడి అలవాటో చెప్పలేదు. పక్క లోయలో ఇలాంటిదే ఒక గడ్డికప్పు విడిది ఉందని, అందులో తాను ఇరవై నాలుగేళ్ళుగా కోడలినని చెబితే ఆ ఇంటి పరువు ఏమవుతుందో ఆమెకు తెలుసు. బయలుదేరేటప్పుడు అత్తగారు అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది: "విడిది నడిపేవాళ్ళు ఇంకో విడిదికి పోయి పడుకోవడమేమిటే! విన్నవాళ్ళు నవ్విపోతారు." భర్త తెత్సురోకైతే అసలు విషయమే బోధపడలేదు. "ఎవరు పోయారు?" అని అడిగాడు. నిజమే, ఇరవై నాలుగేళ్ళలో ఆమె రాత్రి బయట గడిపిందంటే ఎవరో ఒకరి చావుకే.

ఎవరూ పోలేదు. కొత్త సంవత్సరం నాడు అత్తగారు అందరి ముందూ చెప్పింది. తనకు డెబ్భై ఆరొచ్చాయి, ఓపిక లేదు, ఈ వసంతం నుంచి విడిదికి యజమానురాలు సుమియే. మంచు కరిగేలోగా ఊరివాళ్ళకి కబురు పెడతాం, నువ్వు సరే అనడమే తరువాయి. అందరూ ఆమె వైపు చూశారు, బహుమతి అందుకునే పిల్లను చూసినట్టు. సుమియే తల వంచుకుంది. సంతోషంతో సిగ్గుపడిందనుకున్నారు. ఆ రాత్రి ఆమె అత్తగారిని మెల్లగా అడిగింది, యజమానురాలినైతే ఏం మారుతుందని. అత్తగారు ప్రేమగానే జవాబిచ్చింది. "ఊరంతా నీకు తల వంచి దణ్ణం పెడతారు. పని అంటావా, అది మామూలే. నీకో కోడలొచ్చేదాకా ఓపిక పట్టు. వస్తే అన్నీ దానికి అప్పజెప్పుదువుగాని. నేను చేసిందీ అదేగా."

ఆ ప్రేమకే ఆమెకు భయం వేసింది. కోపమైతే తట్టుకునేది. తన నడుము నొప్పి తీరాలంటే ఎక్కడో, ఇంకా ముఖం కూడా చూడని ఒక పిల్ల నడుము వంచాలన్నమాట. ఆలోచించుకోవడానికి రెండు రోజులు కావాలంది. విడిదిలో అతిథులు లేని రెండు రోజులు చూసుకుని బయలుదేరింది. కొరియామా పట్నంలో బట్టల దుకాణం నడిపే చెల్లెలు ఎప్పటినుంచో పిలుస్తోంది, "వచ్చెయ్యక్కా, నాకూ తోడుగా ఉంటావు" అని. రేపు పొద్దున ఈ ఊరి బస్టాండు నుంచి రెండు బస్సులు పోతాయి. ఒకటి ఇంటికి, ఒకటి కొరియామాకి. ఏది ఎక్కాలో తేల్చుకోవడానికే ఈ ఒక్క రాత్రి.

హిసా ఆమెను చాపల గదిలో కూర్చోబెట్టింది. దుప్పటి కప్పిన కుంపటి బల్ల కింద కాళ్ళు పెట్టుకోమంది. టీ పళ్ళెం తేగానే సుమియే చెయ్యి దానంతట అదే కెటిల్ మీదకు పోయింది. హిసా ఆ చేతిని సుతారంగా తీసి దుప్పటి కింద పెట్టింది, చంటిపిల్లకు పెట్టినట్టు. ఆవిడ వెళ్ళిన పావుగంటకు ఆవిడ భర్త గెంపచి బొగ్గులు తెచ్చాడు. ఇంకో పావుగంటకు కిటికీ కొట్టుకుంటోందా అని అడగడానికి వచ్చాడు. మూడోసారి ఏ సాకూ దొరకక, "చలిగా ఉంది కదూ" అని చూసి పోయాడు. సుమియేకి నవ్వొచ్చింది. వాళ్ళ భయం ఆమెకు తెలుసు. చలికాలంలో ఒంటరిగా వచ్చే ఆడమనిషిని ఏ విడిదీ ఇష్టపడదు, చావడానికి వచ్చిందేమోనని. ఫోనులో గది అడిగినప్పుడు హిసా "ఒక్కరేనా?" అని మూడుసార్లు అడిగింది. తమ ఇంట్లో అయితే అత్తగారు గది లేదనే చెబుతుంది.

నాలుగు గంటలకు హిసా వచ్చి, "నీళ్ళు కాగాయి. ముందు మీరు వెళ్ళండి. సరస్సు మీద చేపలు పట్టేవాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళొచ్చేలోగా మీ స్నానం అయిపోతుంది" అంది.

"ముందు నేనా?"

"ఇంకెవరు?"

స్నానాల గదిలో సుమియే పీట మీద కూర్చుని, ఒళ్ళంతా రుద్దుకుని, సబ్బు చుక్క మిగలకుండా కడుక్కుంది. అప్పుడు తొట్టి మీద మూతగా పేర్చిన పలకలు ఒక్కొక్కటే తీసింది. గోడ అవతల కట్టెల పొయ్యి, ఇవతల దానితో కాగే దేవదారు చెక్క తొట్టి. తమ ఇంట్లోనూ ఇలాంటిదే. ఆ తొట్టిని తోమింది ఆమె, నింపింది ఆమె, కట్టెలు ఎగదోసి నీళ్ళు కాచింది ఆమె, ఇరవై నాలుగేళ్ళు. ఒకే నీళ్ళలో ముందు అతిథులు, తర్వాత మామగారు, తర్వాత తెత్సురో, కొడుకు పుట్టాక వాడు, తర్వాత అత్తగారు. అందరి తర్వాత ఆమె. మామగారు పోయినప్పుడు వరసలో అందరూ ఒక మెట్టు పైకి జరిగారు. ఆమె మాత్రం చివరే. ఆమె దిగేసరికి నీళ్ళు గోరువెచ్చగా, మీద ఎవరివో వెంట్రుకలతో, పల్చటి గంజిలా ఉండేవి. అడుగంటిన ఆ వెచ్చదనంలో అయిదు నిమిషాలు కూర్చునేది, కాసేపట్లో దాన్నే తోమాలన్న ఆలోచనతో.

ఇప్పుడు కాలు పెట్టగానే చురుక్కుమంది. వెనక్కి లాక్కుంది. మొదటి నీళ్ళు ఇంత వేడిగా ఉంటాయా? అడుగున ఉన్న పలక గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి. మెల్లగా మెడదాకా దిగింది. నీళ్ళు అంచులు పొర్లి గచ్చు మీద గలగలమంటూ పోయాయి. అన్ని నీళ్ళు పోయాయి కాబట్టి తను అంత ఉన్నట్టే, అనిపించింది. వింత ఆలోచన. ఇన్నేళ్ళూ తొట్టిలో తగ్గిపోయిన నీళ్ళలో కూర్చున్నదానికి తన ఒంటికి ఇంత పరిమాణం ఉందని తెలిసే దారే లేకపోయింది. కిటికీ అవతల మంచు కురుస్తోంది. భుజాలు వాటంతట అవే కిందికి జారాయి. ఇన్నాళ్ళూ అవి ఎత్తిపట్టుకుని ఉన్నాయన్న సంగతి అప్పుడే తెలిసింది. కళ్ళలోంచి నీళ్ళొచ్చాయి. ఏడుపు కాదనుకుంది, ఆవిరి అనుకుంది, తర్వాత ఏమైతేనేమిలే అనుకుని ఊరుకుంది. చాలాసేపటికి మనసులో ఒక్క మాటా లేకుండా పోయింది. తెత్సురో గొంతు, అత్తగారి గొంతు, జాబితాలు, వంటలు, ఏవీ లేవు.

మనసు అలా ఖాళీగా ఉండగానే ఒళ్ళు తన పని తాను చేసుకుపోయింది. బయటికొచ్చి తుడుచుకుంది, విడిదివాళ్ళిచ్చిన నూలు అంగీ వేసుకుంది, చేతులు పైకి మడిచింది, వంగి తొట్టి అడుగున బిరడా పీకేసింది. మూలనున్న బ్రష్షు తీసుకుని, దిగిపోతున్న నీళ్ళ వెంట గోడలు తోమడం మొదలుపెట్టింది.

నీళ్ళు గొట్టంలో గుర్రుమంటూ పోతున్న చప్పుడు వంటింట్లోకి వినిపించింది. వసారాలో పరుగులు.

"అమ్మా! అమ్మా! బతికే ఉన్నారా?" తలుపు తోసుకొచ్చిన హిసా అలాగే నిలబడిపోయింది. అంగీ చేతులు మడుచుకుని, ఖాళీ తొట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని, అతిథిగారు మూలలు తోముతోంది.

సుమియే చేతిలో బ్రష్షు ఆగింది. తొట్టి చూసింది. బిరడా చూసింది. అప్పుడర్థమయింది. అందరూ దిగవలసిన నీళ్ళు. మొదటి నీళ్ళు.

"పొయ్యి!" అని హిసా కేక పెట్టింది. "ఏమండోయ్, మంట తియ్యండి, తొట్టి కాలిపోతుంది!" బయట గెంపచి మండుతున్న కట్టెలు లాగి మంచులోకి విసురుతుంటే సుయ్ సుయ్ మంటూ ఆవిరి కిటికీ దాకా లేచింది.

సరిగ్గా అప్పుడే చేపలవాళ్ళు ఇద్దరూ వచ్చారు, మీసాల మీద మంచుతో, పళ్ళు టకటకలాడిస్తూ. వాళ్ళలో పెద్దవాడు, ఒనుకి అనే ఆయన, సంగతి విని సుమియేని ఎగాదిగా చూశాడు. "బిరడా పీకేసేది విదేశాల నుంచి వచ్చేవాళ్ళే అనుకున్నాను. ఏ దేశం అమ్మా మీది?"

"పక్క లోయండీ" అంది సుమియే, తొట్టిలోంచి దిగి నేలకు తల ఆనించి.

రెండోవాడు పకపకా నవ్వాడు. ఒనుకి ఆపుకుందామని చూసి, ఆపుకోలేక తానూ నవ్వేశాడు. "సరే, రెండు గంటలు సారాతో కాచుకుంటాం లెండి. పొద్దున్నుంచీ చేపలు మమ్మల్ని చూసి నవ్వుతున్నాయి, ఇప్పుడు తొట్టి కూడానా."

వాళ్ళు గదిలో కుంపటి దగ్గరికి పోయారు. సుమియే మాత్రం తల ఎత్తలేదు. క్షమించండి, క్షమించండి అంటూనే ఉంది. హిసా ఆమె ఎదురుగా గచ్చు మీదే చతికిలబడింది. కోపం ముఖంలో కనబడలేదు. ఏదో చిక్కుముడి విప్పుతున్నట్టు చూస్తోంది.

"గుమ్మంలో చెప్పులు చూసినప్పుడే అనుకున్నాను. మీరూ విడిది మనిషేనా?"

సుమియే తల ఊపింది.

"మీ ఇంట్లో స్నానానికి మీరు ఎన్నోవారు?"

"అతిథుల్ని బట్టి. ఏడు, ఎనిమిది. ఒక్కోసారి పన్నెండు."

"మీ తర్వాత ఎవరు?"

"నా తర్వాత ఎవరూ లేరండీ. నా తర్వాత బిరడానే."

చెప్పాక ఆ మాట తనకే వినబడింది. గదిలో ఇంకా గొట్టం చివరి గుటకలు వేస్తోంది. ఇన్నేళ్ళ కష్టాన్ని ఎవరికైనా చెప్పుకోవాలంటే ఎంత పొడుగు కథో అనుకునేది. ఇంతే.

హిసా గచ్చు మీంచి లేచింది. వెనక్కి తిరిగి, "ఏమండీ, రండి" అని పిలిచింది. గెంపచి మసి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ప్యాంటు మోకాళ్ళ పైకి మడుచుకుని, తొట్టిలో దిగాడు. సుమియే బ్రష్షు వదల్లేదు.

"ఇటివ్వండమ్మా. ఇది నా పని. మీకు రాదు."

"నాకు రాదా!"

"ఆ మూల చూడండి, జిడ్డు అలాగే ఉంది."

అబద్ధం. అక్కడ జిడ్డు లేదు. అయినా ఆమె బ్రష్షు ఇచ్చింది. డెబ్భై ఏళ్ళ మగవాడు మోకాళ్ళ మీద కూర్చుని తొట్టి తోముతుంటే, చూడకూడనిదేదో చూస్తున్నట్టు మొదట ముఖం తిప్పుకుంది. తర్వాత చూసింది. గెంపచి మెల్లగా, నాలుక కొస బయటపెట్టి, చదువుకునే పిల్లాడిలా తోముతున్నాడు. "మూలలు, మూలలు!" అని హిసా గదమాయిస్తోంది. "ముప్ఫై ఏళ్ళు నువ్వు తోమినప్పుడు నేనేమైనా అన్నానా?" అని ఆయన. "అనలేదు, చూస్తేగా అనడానికి!" అని ఈవిడ.

సుమియే అడక్కుండా ఉండలేకపోయింది. "ఎలా ఒప్పుకున్నారండీ?"

"ఒప్పుకోవడమా? నా నడుం పట్టేసిన ఏడాది మంచం దిగలేకపోయాను" అంది హిసా. "నాలుగో రోజుకి తొట్టి పాచి పట్టింది. అయిదో రోజు ఈయన వచ్చి, హిసా, దీన్ని ఎవరు కడుగుతారు అన్నాడు. దానంతట అదే శుభ్రమవుతుందనుకున్నాడు పాపం. ఇన్నేళ్ళూ కడిగింది నేనని చెప్పాను. అప్పటిదాకా నేనూ ఎప్పుడూ చెప్పలేదులే. ఇద్దరిదీ చెరి సగం తప్పంటాడు. నాది అయిదో వంతంటాను. ఆ లెక్క ఇంకా తేలలేదు."

తొట్టి మళ్ళీ నిండింది, మళ్ళీ పొయ్యి అంటుకుంది. వసారాలో ఫోను ఉంది. సుమియే హిసాని అడిగి ఇంటికి కలిపింది. అటు తెత్సురో.

"ఎక్కడున్నావు? పులుసు పేస్టు ఏ జాడీలో ఉంది? అమ్మ అడుగుతోంది. రేపు ఏ బస్సుకి వస్తావు?"

ఎప్పుడూ ఇలాగే, మూడు ప్రశ్నలు ఒకేసారి. వాటిలో ఎలా ఉన్నావన్నది మాత్రం లేదు. నిన్నటిదాకా ఆ గొంతు వింటే ముందు జాడీ ఎక్కడుందో చెప్పేది. ఇప్పుడు చెప్పలేదు. కొరియామా బస్సు గుర్తొచ్చింది. అదీ మంచి బస్సే, ఎప్పుడైనా ఎక్కవచ్చు. ఎక్కే కాళ్ళు తనవే. కానీ ఇన్నేళ్ళూ కాచిన నీళ్ళలో ఒక్కసారీ అందరికంటే ముందు దిగి చూడకుండా వదిలేసి పోవడం ఆమెకు నచ్చలేదు.

"రేపు పొద్దున బస్సుకి వస్తాను. అత్తయ్యతో చెప్పండి, విడిది నేను తీసుకుంటాను."

"అబ్బ! బతికించావు. అమ్మా, సరేనంటోంది!"

"ఇంకా అయిపోలేదు. రేపు అతిథులు లేరు కదా. నాలుగింటికల్లా మీరు నీళ్ళు కాచి ఉంచండి. ముందు నేను దిగుతాను. నా తర్వాత అత్తయ్య. అందరిలోకీ చివర మీరు. అయ్యాక తొట్టి తోమాలి. అతిథులున్న రోజుల్లో వాళ్ళ తర్వాత నేను. తోమడం మాత్రం ఏ రోజైనా మీదే. మన అబ్బాయికి పెళ్ళయి కోడలొచ్చినా, ఆ పిల్ల చేతికి ఇవ్వడానికి వీల్లేదు. దీనికి సరేనంటేనే దానికి సరే."

అటు నిశ్శబ్దం. ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టినట్టున్నాడు. అత్తగారి గొంతు దూరంగా, "ఏమంటోందిరా? ఏమంటోంది?" అని వినిపించింది. తెత్సురో ఏదో గొణిగాడు. అత్తగారు మళ్ళీ ఏమీ అనలేదు. ఆవిడ కూడా ఒకప్పుడు ఎన్నో ఏళ్ళు చివరి నీళ్ళలో కూర్చున్నదే కదా అని సుమియేకి అప్పుడు తోచింది. ఎదురుచూసింది. మామూలుగా ఇలాంటి నిశ్శబ్దాన్ని తనే నింపేది, పోనీలెండి అనో, ఊరికే అన్నాననో. ఈసారి నింపలేదు. కిటికీ రెక్క మీద మంచు పేరుకోవడం చూస్తూ నిలబడింది.

చివరికి తెత్సురో గొంతు సవరించుకున్నాడు. తను పుట్టి పెరిగిన ఇంట్లో దారి తప్పినవాడిలా, చిన్నగా అడిగాడు.

"ఆ బ్రష్షు... ఎక్కడుంటుంది?"

"వెతకండి" అంది సుమియే, నవ్వు దాచుకోకుండా.